మోతి గొంతులో నూలు

మోతి చెవి కొసను సూదితో గుచ్చి, ఊరిన నెత్తురు చుక్కను గాజుపలకకు అద్దుకుని లక్ష్మీకాంతరావు డాక్టరు లోపలి గదిలోకి వెళ్ళిపోయాడు, తలుపు సగం మూసుకుంది, కరీంనగర్ పశువుల దవాఖాన వరండాలో మేము మిగిలాం, బల్లకు ఆ చివర నా భార్య చంద్రవ్వ, ఈ చివర నేను, మా కాళ్ళ దగ్గర గోనెసంచి మీద మూతికి తాడు కట్టిన కుక్క. రోగం ఉండాలి. దాని నెత్తుటిలో పురుగు కనపడాలి, ఒకటి అరా కాదు, గంపలకొద్దీ కనపడాలి. బుద్ధెరిగినప్పటి నుంచి నూలు, చీరలు అమ్ముకుని బతికినవాణ్ణి, సరుకులో పురుగు లేదని ఒట్టేసి చెప్పడమే నా వృత్తి, ఇప్పుడు పురుగు ఉండాలని కూర్చుని మొక్కుకుంటున్నాను. పురుగు ఉంటే ఈ కుక్కది పిచ్చి కాదు, జోరీగలు కుట్టి అంటించిన జబ్బు. పిచ్చి కాకపోతే, నిన్న దాని పన్ను గీరుకున్న నా భార్యకు ప్రాణభయం లేదు. పురుగు లేకపోతే, ఆ వైపు లెక్క నేనింకా వేయలేదు. వేసే ఓపిక లేదు. రాత్రంతా కన్ను మూయలేదు, ఆమె మాత్రం నిద్రపోయింది, ఎప్పటిలాగే గురకపెట్టి నిద్రపోయింది, ఆ గురకలో కొత్త శబ్దం ఏమైనా ఉందా అని తెల్లవార్లూ విన్నాను.

తన చేతికి కట్టిన పసుపు గుడ్డ వంక చూస్తున్నానని చంద్రవ్వ కనిపెట్టింది.

“ఏందట్ల సూస్తవ్? మొరుగుతనేమో అని సూస్తున్నవా?”

“ఊకోయే.”

“మొరిగితె ముందుగాల నిన్నే కరుస్త. దుకాణం ఎవలికి అప్పజెప్తవో ఆలోచన చేస్కో.”

నవ్వు రాలేదు, ఆమెకు మాత్రం వచ్చింది, నవ్వుతూనే వంగి మోతి వీపు మీద వాలిన ఈగను తోలింది. ఆ వీపు చూస్తే ఎముకలు లెక్కపెట్టవచ్చు. రెండు నెలల కింద ఇదే కుక్క తోపుడుబండి మీద నూలు బేళ్ళు వస్తుంటే బండికి ముందు పరుగెత్తేది, ఇవాళ అదే బండి మీద బేలులాగా పడుకుని వచ్చింది, రిక్షావాళ్ళు ఒక్కరూ ఎక్కించుకోలేదు, దాని కళ్ళు చూసి దూరం జరిగిపోయారు. ఆ కళ్ళు. మొదలంతా ఆ కళ్ళతోనే. వానాకాలం చివర, నల్లగుడ్డు మీద సన్నటి నీలపు పొర దిగింది, ముందు ఎడమకు, తర్వాత కుడికి, పొగ పట్టిన గాజులాగా. మా పద్మశాలి వాడలో ఆ నీలం చూసి ఇంకో మాట ఎవరంటారు? రంగు పడ్డది అన్నారు. పెరట్లో నీలి రంగు కాగులు, ఆ కాగుల పక్క తడినేల చల్లగా ఉంటుందని మోతి అక్కడే పడుకుంటుంది, మా అందరి చేతులూ మోచేతుల దాకా నీలమే, కుక్కకు తోక కూడా నీలమే, కళ్ళలో రంగునీళ్ళు చిందాయని చంద్రవ్వ తీర్మానించింది, నేనూ ఔనన్నాను. రంగు అంటితే కడగాలి, అంతకు మించి మాకు తెలిసిన వైద్యం లేదు. గోరువెచ్చని నీళ్ళతో కడిగింది, పల్చటి మజ్జిగతో కడిగింది, పక్కింట్లో బాలింత పోశవ్వను బతిమాలి చనుబాలు చుక్కలు వేయించింది. “నా బిడ్డకే సాలుతలెవ్వు అత్తా, నీ కుక్కకేడికెల్లి తేవాలె” అని పోశవ్వ తిడుతూనే వేసింది. నీలం పోలేదు. కొన్నాళ్ళకు దానంతట అదే కాస్త తగ్గినట్టుండి మళ్ళీ కమ్ముకుంది. రంగు వేసేవాడికి తెలుసు, వేసిన రంగు వెలుస్తుంది గాని వెలిసిన రంగు తిరిగి ఎక్కదు. నేను రంగు తెలిసినవాణ్ణి, ఆ రోజు ఆ సంగతి కళ్ళముందే ఉన్నా నాకు తట్టలేదు, దసరా గిరాకీలో ఉన్నాను.

తర్వాత గొంతు. మా వాడలో పొద్దున్నే వీధి పొడుగునా పడుగు సాగదీసి గంజి పెడతారు, ఆ గంజి వాసనకు కుక్కలు చేరతాయి, పోగులు నాకుతాయి, తెగిన పోగులు మింగుతాయి. మోతి పిల్లగా ఉన్నప్పుడు ఒకసారి అట్లాగే మింగి ఊపిరాడక గింజుకుంటుంటే చంద్రవ్వ నోట్లో వేళ్ళు పెట్టి కొస దొరకబట్టి లాగింది, లాగుతుంటే నూలు వస్తూనే ఉంది, వస్తూనే ఉంది, వాడంతా చుట్టూ చేరి నవ్వారు, ‘మోతి కడుపుల మగ్గం వెట్టుకున్నది, చీరె గూడ నేసి ఇస్తదేమో సూడు’ అని ఎదురింటి హనుమండ్లు అన్నాడు, ఆ మాట చాలాకాలం నడిచింది. అందుకని నిన్న మోతి గొంతు మారి, కుండలో తల పెట్టి మొరిగినట్టు మొరుగుతూ, దవడ కింద వాచి, మింగలేక చొంగ కారుస్తుంటే ఆమెకు ఒక్కటే తోచింది. మళ్ళీ నూలు మింగిందే ముండ, అంది. వంటింట్లోంచి వచ్చి కొంగు నడుముకు చెక్కి, దాని తల చంకలో ఇరికించుకుని, నోరు తెరిచి, కుడిచెయ్యి మణికట్టు దాకా పెట్టింది. నేను దుకాణం గుమ్మంలోనే ఉన్నాను. చూస్తూనే ఉన్నాను. మోతి కరవలేదు, అది ఆమెను కరవదు, ఊపిరాడక నోరు మూసింది, అంతే, వేలి ముడి దగ్గర పన్ను గీరుకుని నెత్తురు వచ్చింది. “నూలు లేదు, ఏం లేదు, వాపే” అని చెయ్యి తీసి గంజినీళ్ళలో కడుక్కుంది. ఇంకొకరైతే అంతటితో మరిచిపోయేవాళ్ళు. హనుమండ్లు మరిచిపోలేదు.

“బాలమల్లన్నా, గొంతు మారిన కుక్కకు పిచ్చి లేసినట్టే. కండ్లు సూడు, సొంగ సూడు. వదినె చెయ్యి వెట్టింది గద!”

హనుమండ్లు చెడ్డవాడు కాదు. మా రెండిళ్ళ మధ్య వీధి దాటి కూరలు మారతాయి. కాని వాడికి ఇంట్లో నడక నేర్చుకుంటున్న మనవడున్నాడు, వాడి లెక్క వాడిది, సాయంత్రానికి నలుగురు మగవాళ్ళు కర్రలతో మా అరుగు ముందు నిలబడ్డారు, గొడవకని కాదు, మర్యాదగానే, చనిపోయినవాణ్ణి తీసుకుపోవడానికి వచ్చినట్టు. నేను తలుపుకు అడ్డం నిలబడి ఒక్కరోజు గడువు అడిగాను. గడువు అడగడం నాకు అలవాటే. గడువు ఎందుకో నాకప్పటికి తెలియదు, తర్వాత ఆలోచిస్తే తెలిసింది, కుక్క మీద ప్రేమతో కాదు, కుక్కను చంపేస్తే దానికి ఏ రోగమో ఇక తెలిసే దారి ఉండదు, తెలియకపోతే చంద్రవ్వకు సూదులు వేయించాల్సిందే, చంద్రవ్వ సూదులు వేయించుకోదు. అక్కడ చిక్కుపడింది. ఆమె తమ్ముడు దేవదాస్ హుజూరాబాద్‌లో ఉంటాడు, పదిహేడేళ్ళప్పుడు కుక్క కరిస్తే పెద్ద దవాఖానలో చేర్చారు, బొడ్డు చుట్టూ రోజుకొకటి సూది, ఇంకో రెండు మూడుంటే అయిపోయేవి, ఒక పొద్దున మంచం దిగబోయి కింద పడ్డాడు, మళ్ళీ లేవలేదు. నడుము కింద చచ్చుబడింది. వేల మందిలో ఒకరికి మందు పడక అట్లా అవుతుందని అక్కడి డాక్టరు చెప్పాడట. వేలల్లో ఒకరు అని నేను చంద్రవ్వకు ఎన్నిసార్లు చెప్పానో. ఆ ఒకడు తమ్ముడైతే మిగతా వేలమందితో ఆమెకేం పని. దేవదాస్ ఇప్పటికీ రాట్నం ముందు కూర్చోబెడితే సాయంత్రం దాకా నూలు కండెలు చుడతాడు, చేతులు మాత్రం మంచివి, మేం వెళ్తే నవ్వుతాడు, తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆమె హుజూరాబాద్ నుంచి కరీంనగర్ దాకా తన మోకాళ్ళు ఒత్తుకుంటూ కూర్చుంటుంది. నిన్న రాత్రి అన్నం ముందు కూర్చుని చాలా తేలిగ్గా చెప్పింది: “కుక్క పిచ్చిదో కాదో ఎవలికెర్క? సూది ఏస్తె మాత్రం ఏమైతదో నాకు ఎర్కే.” తర్వాత పచ్చిపులుసు ఇంకొంచెం వేయమంటావా అని అడిగింది.

ఎండ వరండా అంచు దాటి లోపలికి వచ్చింది. లోపల గాజు చప్పుడు. ఎంతసేపు చూస్తాడు ఒక్క చుక్క నెత్తురును? అవతల ఎవరిదో బర్రె అరుస్తోంది, దాని యజమాని కాంపౌండర్ అంబదాస్‌తో ఏదో బతిమాలుతున్నాడు. నాకు ఆశ పుట్టింది ఆ డాక్టరు అడిగిన ఒక్క ప్రశ్నతోనే, లేకపోతే ఇంత ఆశ నేను పెట్టుకునేవాణ్ణి కాదు. కళ్ళ పొర చూశాడు, దవడ కింద వేలితో నొక్కి ఆ గుంట ఎంతసేపు ఉంటుందో చూశాడు, చప్పున తలెత్తి, “ఇంట్ల గుర్రం గిట్ల ఉండెనా?” అని అడిగాడు. ఉండింది. తట్టుగుర్రం. నిజాం పోయి, బస్సులు పెరిగి, అందరూ గుర్రాలు వదిలేసినా నేను వదల్లేదు, బస్సుకు బేలుకింత అని కట్టాలి, గుర్రానికి గడ్డి చాలు. మెట్‌పల్లి అంగడికి, ధర్మపురి జాతరకు, ఏటా వానలు వెలిసే ముందు బోథ్ దాకా, అక్కడి ఆడవాళ్ళకు ఎర్ర అంచు చీరలు కావాలి, పంట చేతికి రాకముందే మొదట వెళ్ళినవాడిదే బేరం. గుర్రం వెనక మోతి. పగలు నడిచేటప్పుడు గుర్రం నీడలో, ఎక్కడ ఆగితే అక్కడ గుర్రం కడుపు కింద, బేళ్ళకు కావలి. ఆ ఆదిలాబాద్ అడవి దారిలో జోరీగలు, వేలెడు ఈగలు, గుర్రం మెడ మీద వాలితే నెత్తురు ధార కారేది, తోకతో కొట్టుకుని ఎగిరి మోతి చెవుల మీద వాలేవి, నా పంచె మీదా వాలేవి. నేను పొగ వేసుకుని పడుకునేవాణ్ణి. ఈసారి బోథ్ నుంచి వచ్చాక గుర్రం తినడం మానేసింది, కాళ్ళు వాచాయి, కడుపు కింద వాచింది, ఒక రోజు జ్వరం, ఒక రోజు బాగుండటం, చివరికి గోడకు తల ఆనించి నిలబడి నిలబడి కూలింది. ముసలిదైపోయింది అనుకున్నాను. ముసలిది కాదు. కొన్నప్పుడు పళ్ళు చూసి కొన్నది నేనే. పోయినదాని వయసు పెంచి చెప్పుకుంటే నష్టం తగ్గినట్టుంటుంది, అంతే. ఇదంతా చెప్తే డాక్టరు ‘ఊఁ’ అన్నాడు, ఇది జోరీగలు అంటించిన జబ్బయితే నెత్తుటిలో పురుగు కనపడాలన్నాడు, ఆ ‘ఊఁ’ పట్టుకుని నేను ఇక్కడ కూర్చున్నాను.

గుర్రానిది, కుక్కది ఒకే జబ్బయితే ఎంత బాగుంటుంది. పోయిన గుర్రానికి ఇప్పుడు కొంత విలువ వస్తుంది. నాకు అలసటగా ఉంది. ఈ కుక్క బతకదు, అది నాకు కనబడుతూనే ఉంది, బతికినా గుడ్డిది, గుడ్డికుక్క బేళ్ళకు కావలి కాయదు, వాడలో కర్రలు ఉండనే ఉన్నాయి. పొద్దున చంద్రవ్వ బోరింగు దగ్గర మోతికి నీళ్ళు పట్టడానికి వెళ్ళినప్పుడు అంబదాస్‌ను పక్కకు పిలిచి మాట్లాడేశాను. పరీక్ష అయ్యాక కుక్కను ఇక్కడే వదిలిపోతాం, ఏదో ఒకటి చెయ్యమన్నాను. ఆదిలాబాద్ మనిషి, మాటలో మరాఠీ కలుస్తుంది, తల ఊపి, “సూది ఉన్నది భావూ, నిద్రవోయినట్టే పోతది, జరంత గూడ తెల్వది. ఫికర్ చెయ్యకు” అన్నాడు. అట్లా ఒక పని తీరింది. పరీక్ష మాకు కావాలి, కుక్క అక్కర్లేదు. సరుకు నాణ్యం చూడటానికి కట్టలోంచి ఒక పోగు లాగి తెంపి చూస్తాం, తెంపిన పోగును తిరిగి కట్టలో పెట్టం. ఇప్పటికి మందుకని వదిలిపోదామంటాను, అసలు సంగతి ఆమెకు ఇంటికి పోయాక చెప్పాలి, రాత్రి కాదు, రేపు, దుకాణంలో మనుషులున్నప్పుడు. మోతి పొర కమ్మిన కళ్ళు ఎత్తింది. నా వైపే తిప్పింది, వాసన పట్టి కాబోలు. తోక నేల మీద ఒక్కసారి కదిలింది. నీలం తోక. నేను రోడ్డు వైపు చూశాను, రోడ్డు మీద ఏమీ లేదు.

“బాలమల్లూ, ఇటు రా. నువ్వు గూడ రావమ్మా.”

మోతిని గోనెసంచితో సహా లోపలికి మోసుకుపోయాం, గదిలో స్పిరిటు వాసన. బల్ల మీద భూతద్దాల యంత్రం, దాని కింద మా గాజుపలక. ఒక కన్ను మూసి చూడమన్నాడు డాక్టరు. ముందు నా రెప్పవెంట్రుకలే కనబడ్డాయి, తర్వాత మసక, తర్వాత పల్చటి గులాబి రంగు నీళ్ళలో గుండ్రటి గింజలు, జొన్నపిండిలాగా కుప్పలు కుప్పలు, ఆ కుప్ప ఒకచోట ఊరికే కదులుతోంది. గాలి లేకుండా కదులుతోంది. చూస్తూ ఉండగా ఆ గింజలను తోసుకుంటూ సన్నటిది ఒకటి బయటికి వచ్చింది, పాములా కాదు, నీళ్ళలో వేసిన పట్టుపోగు ముక్కలాగా, మెలికలు తిరుగుతూ, గింజలను కొడుతూ, మళ్ళీ అటు దూరి పోయింది. ఇంకొకటి. ఇంకా ఒకటి. అప్పుడే పెళ్ళిచూపులకు వెళ్ళినవాడిలాగా నవ్వానట, తర్వాత చంద్రవ్వ చెప్పింది.

“సర్రా అంటరు దీన్ని,” అన్నాడు డాక్టరు. “గుర్రాలకు, ఒంటెలకు ఎక్కువ. జోరీగ ఒకదాన్ని కుట్టి అదే నోటితోని ఇంకొకదాన్ని కుడ్తది, గంతే. కుక్కకొస్తే కండ్లు గిట్లనే పోతయి, గొంతు గిట్లనే వాస్తది.”

“అయితె పిచ్చి కాదన్నట్టే గద సాబ్! సూదులు అక్కర్లే గద! మా బామ్మర్దికి ఆ సూదులతోనే కాళ్లు వడిపోయినయి.”

ఆయన చేతులు కడుక్కుని, తువ్వాలుతో ఒక్కో వేలు తుడుచుకున్నాడు.

“ఇది ఉన్నదని అది లేదని కాదు, బాలమల్లూ. ఒక్క కుక్కకు రెండు రోగాలు ఉండొద్దని కానూన్ లేదు. నాకైతె ఇదే అనిపిస్తున్నది, రూపాయిల పదిహేనణాలు ఇదే. ఆ మిగిలిన అణా మీద మనిషి పానం పెడ్తనా? గొంతుల ఏదో ఇరికిందని చెయ్యి పెట్టినోళ్లే ఎక్కువ పోతరు.” చంద్రవ్వ వైపు తిరిగాడు. “అమ్మా, సూదులు ఇయ్యాల్నే మొదలువెట్టాలె. కుక్క పది రోజులు బతికి తిరిగితే పిచ్చి కాదన్నట్టు, నడిమిట్లనే ఆపుదాం. నీ తమ్మునికైనట్టు అయ్యేది గూడ అంత తక్కువైతది. కుక్క ముందే సచ్చిందనుకో, మొత్తం ఏసుకోవాలె.”

“నేనేయించుకోను,” అంది చంద్రవ్వ. గొంతులో కోపం లేదు.

నా లెక్క మొత్తం ఆ బల్ల మీదే తిరగబడింది. రుజువు దొరికింది, పనికిరాలేదు. పొద్దున నేను వదిలించుకున్న కుక్క ఇప్పుడు పది రోజులు బతకాలి, అది బతికితే సూదులు తగ్గుతాయి, సూదులు తగ్గితే ఈమె కాళ్ళు. ఇంక ఆలోచించేదేముంది. “సాబ్, దీనికి మందుంటే ఎయ్యిండ్లి,” అన్నాను. “ఎంతదైనా సరే.” పోలీసు గుర్రాల కోసం తెప్పించిన మందు కొద్దిగా ఉందని, బతుకుతుందని మాట ఇవ్వలేనని, కళ్ళు మాత్రం పూర్తిగా రావని ఆయన చెప్తుండగా చంద్రవ్వ నవ్వింది.

“ఇప్పుడు మందు ఏయిస్తవా? పొద్దుగాల అంబదాసుకు ఏం చెప్పినవ్? బోరింగు దగ్గర నేను నీళ్లు కొడుతున్న గని చెవులు మూసుకోలే.”

తలుపు దగ్గర అంబదాస్ కనబడి, వెంటనే బర్రె వైపు వెళ్ళిపోయాడు. గంటసేపు ఆమె నా పక్కన కూర్చుంది. అంతా తెలిసి కూర్చుంది, మొరుగుతానని నన్ను ఆటపట్టించింది, ఈగలు తోలింది, నా నోట ఆ మాట ఎప్పుడు వస్తుందా అని చూస్తూ కూర్చుంది.

“ఏసుకుంట,” అంది. “ఇయ్యాల్నే ఏసుకుంట, ఎన్ని ఏస్తె అన్ని. గని దానికి గూడ ఏయించాలె. అది సచ్చేదాక మనింట్లనే ఉండాలె. హనుమండ్లు కర్ర పట్టుకొస్తె నువ్వే అడ్డమువోవాలె.”

“పది రోజులు నేను చూసుకుంట గద...”

“పది కాదు. పదకొండోనాడు నువ్వేం చేస్తవో నాకు ఎర్క లేదా? నీతోని ఇన్నేండ్ల సంసారం ఊకెనే చేసిన్నా?”

పదకొండో రోజు. అవును, మందు వేయమన్న నోటితోనే, మనసులో ఆ రోజు ఎక్కడో ముందుకు వెళ్ళి నిలబడి ఉంది, అంబదాస్‌కు మళ్ళీ కబురు చేయాలని కూడా అనుకున్నాను, అనుకున్నట్టు నాకే సరిగా తెలియదు, ఆమెకు తెలిసింది. అంగట్లో ఎదుటివాడు ఆఖరి మాట ఎక్కడ దాచుకున్నాడో మొహం చూసి చెప్పేవాణ్ణి నేను. నా మొహం చదవడం ఆమె ఎప్పుడు నేర్చుకుందో తెలియదు, బేరం ఇంకా లాగే సత్తువ నాకు లేదు. “సరే,” అన్నాను.

“సరె అంటె కాదు. చేతిల చెయ్యెయ్యి.”

కుడిచెయ్యే చాచింది, పసుపు గుడ్డ కట్టిన చెయ్యి, గుడ్డ అంచున ఎండిన నెత్తురు మరక. అప్పుడు తెలిసింది, నిన్న సాయంత్రం నుంచి ఆ చేతిని నేను తాకలేదు. అన్నం పెడుతుంటే కంచం కింద పెట్టమన్నాను, రాత్రి మంచం అటువైపు జరిపాను, ఇక్కడ బల్ల మీద ఈ చివర కూర్చున్నాను. ఇది కూడా ఆమె చూసే ఉంటుంది. డాక్టరు సీసా వెతుకుతూ అటు తిరిగాడు. ఆమె చెయ్యి చాచే ఉంది, అప్పు వసూలుకు వచ్చినవాళ్ళ చెయ్యిలాగా కాదు, పసిపిల్ల చెయ్యిలాగా కూడా కాదు, ఊరికే, నీళ్ళకు చెంబు అందుకునేట్టు. నేను నా చెయ్యి వేశాను. గుడ్డ కింద వేడిగా ఉంది. ఆమె గట్టిగానే పట్టుకుంది, నొప్పి పుట్టేంత గట్టిగా, తర్వాత వదిలేసి మోతి తల ఒళ్ళోకి తీసుకుంది.

“ఎనుక కాళ్లు నువ్వు పట్టు,” అంది. “సూదికి గింజుకుంటది.”

పట్టుకున్నాను.